రెండుకీ ఆరుకీ మధ్య

కొత్తగూడ బాలనర్సయ్య పోయి చాలా ఏండ్లయింది. అయినా పెండ్లి ఊరేగింపులో సన్నాయి వినబడితే ఆ ఊరి పాతవాళ్లు ఇప్పటికీ కాసేపు చెవి ఒగ్గి, "మంచిగనే ఊదుతున్నడు గని, బాలనర్సయ్య ఊపిరి కాదు" అని తేల్చేసి నడక సాగిస్తారు.

కొత్తగూడ, కొండాపూర్, హఫీజ్‌పేట, మదీనాగూడ. ఈ నాలుగూళ్ల గడ్డాలూ పెండ్లిళ్లూ ఆయనవే. ప్రొద్దున మంగలి పొది చంకన పెట్టుకుని బండరాళ్ల మధ్య బాటన బయలుదేరితే, ఎవరి అరుగు మీద కూర్చుంటే ఆ అరుగు మీద నలుగురు చేరేవారు. మూఢం పోయి ముహూర్తాలు మొదలయితే పొది ఇంట్లో ఉండేది, సన్నాయి బయటికొచ్చేది. డోలు ఆయన బావమరిది పోచయ్యది. ఒకరి ఇంట్లో పెండ్లంటే ముందు పురోహితుణ్ణి అడిగేవారు, తరువాత బాలనర్సయ్యను అడిగేవారు. బాలనర్సయ్యకు కుదరదంటే పురోహితుణ్ణే ఇంకో ముహూర్తం చూడమన్న ఇండ్లున్నాయి.

పొదిలో కత్తులూ కత్తెరా గాక ఒక చిన్న పటకారు ఉండేది. అది పండ్లది. పన్ను నొచ్చినవాడు పట్నం దాకా పోయేదెప్పుడు? బాలనర్సయ్య ముందు నోరు తెరిచేవాడు. ఆయన బొటనవేలితో ఇగురు, అంటే పండ్ల చిగురు, నొక్కి చూసేవాడు. తరువాత కత్తి పిడితో ఒక్కొక్క పన్నునూ మెల్లగా తట్టి, తల పక్కకు వంచి వినేవాడు. డోలు కొనేవాడు తోలును తట్టి విన్నట్టు. ఖంగుమంటే ఉన్నట్టు, బొద్దుమంటే పోయినట్టు. కదిలే పన్ను ఉంచుకోవద్దు, అది పక్కదాన్ని కూడా పాడు చేస్తుందని ఆయన తండ్రి చెప్పిన మాట. పటకారుతో పట్టి, "అగో కాకి" అని పైకి చూపించేలోపల పన్ను చేతిలో ఉండేది.

ఇగుర్ల నుంచి రక్తం వస్తోందని ఎవరన్నా అంటే ఆయన నవ్వేవాడు. "రానీయ్. చెడ్డ రక్తం పోతున్నది. నీకు కొమ్ము పెట్టే పని తప్పింది." వీపుకు కొమ్ములు పెట్టి చెడురక్తం తీసే ఇంట పుట్టినవాడికి, దానంతట అది కారే రక్తం దేవుడు చేసిన వైద్యంలాగే కనబడింది. ఎంత గిల్లినా చుక్క రాని ఇగురంటే ఆయనకు మరీ గౌరవం. అలాంటి ఇగురుకు ఆయన చూపించే సాక్ష్యం పోచయ్య నోరు. "మా బావమరిది ఇగురు జూడు, షాబాదు బండ" అనేవాడు.

ఇలాంటి మనిషికి, నలభై నాలుగేండ్ల వయసులో, శ్రావణమాసం పెండ్లిలో, అప్పగింతల పాట ఎత్తుకుని సాగదీస్తుండగా, కింది ముందరి పండ్లు నాలుగూ సన్నాయి పీక ఒత్తిడికి రవ్వంత వెనక్కి జరిగినట్టు తెలిసింది.

పాట ఆపలేదు. ఆడపిల్ల తల్లి ఏడుస్తోంది, పోచయ్య డోలు మీద కండ్లు మూసుకుని ఉన్నాడు. ఎవరికీ తెలియలేదు. కానీ బాలనర్సయ్యకు తండ్రి రామన్న జ్ఞాపకం వచ్చాడు. రామన్నకు నలభై అయిదో ఏట ఆ నాలుగు పండ్లే కదిలాయి. సొంత చేత్తో సొంత పటకారుతో పీక్కున్నాడు. మరునాడు సన్నాయి ఎత్తితే పెదవి లోపలికి మునిగి గాలి పోయింది తప్ప నాదం రాలేదు. ఆ సాయంత్రమే సన్నాయిని పంతొమ్మిదేండ్ల కొడుకు చేతిలో పెట్టి, మళ్లీ దాని వైపు చూడలేదు. చచ్చేదాకా పెండ్లి మేళం వినబడితే లేచి ఇంట్లోకి పోయేవాడు.

బాలనర్సయ్య రోజూ తెల్లవారుజామున పెరట్లో నిలబడి కత్తి పిడితో తన పండ్లు తానే తట్టుకోవడం మొదలుపెట్టాడు. చిక్కేమిటంటే, ఇతరుల పన్ను చప్పుడు చెవికి వినబడుతుంది, తన పన్ను చప్పుడు పుర్రె నిండా మోగుతుంది. బొద్దుమన్నా ఖంగుమన్నట్టే ఉంటుంది.

భార్య సీతాబాయి ఒకనాడు చూసింది. "ఏందయ్యా, పండ్లతోని తాళమేస్తున్నవు? డోలుకు మా తమ్ముడు జాలడా?"

"ఊకే జూస్తున్న."

"జూసేదానికి మొకం తెల్లగైతదా?"

ఆయన కత్తి దించి, పొదిలోని పటకారును అడుక్కు తోశాడు.

ఆ ఏడు, అంటే డెబ్బై మూడులో, వానలు వెనకబట్టాక కొత్తగూడ బడికి ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు జయలక్ష్మి. బందరు పక్క మనిషి. భర్త సుబ్రహ్మణ్యం బొంబాయి రోడ్డు మీద పెద్ద ఫ్యాక్టరీలో ఇంజనీరు, మదీనాగూడలో కిరాయికి ఉన్నారు. ఆమె పట్నంలోని పండ్ల దవాఖానలో పెద్ద చదువు చదువుతోంది. ఆ చదువుకు రెండు వందల మంది పల్లె మనుషుల చిగుళ్లు చూసి రాయాలట. బడి వరండాలో కుర్చీ వేసుకుని రెండు రోజులు కూర్చుంది. ఒక్క నోరూ తెరుచుకోలేదు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని దూరం నుంచి చూసి పోయారు. మగవాళ్లు, "ఆడమనిషి పండ్లు పీకుతదట" అని నవ్వుకున్నారు.

మూడో రోజు ఆమె నేరుగా బాలనర్సయ్య వాకిట్లోకి వచ్చింది.

"మీరేనాండీ బాలనర్సయ్యగారు? ఈ ఊళ్లో నోళ్లన్నీ మీ దగ్గరే తెరుచుకుంటాయట."

ఆయనను గారు అని పిలిచిన మొదటి మనిషి ఆమే. ఆయన గభాలున లేచి నిలబడ్డాడు. "మీరు పీకనీకి వచ్చిండ్రా డాక్టరమ్మా?"

"ఒక్కటి కూడా పీకను. చూసి రాసుకుంటాను, అంతే. నాకు టార్చి పట్టేవాళ్లు కావాలి. మీరు పక్కన నిలబడితే జనం వస్తారు."

నిలబడ్డాడు. జనం వచ్చారు. "బాలన్నే లైటు పట్టినంక మనకేం భయం" అని బెంచీ మీద వరుసగా కూర్చున్నారు. అలా ఇరవై రోజులు, పొద్దున గడ్డాలు ముగించుకుని, బాలనర్సయ్య టార్చి పట్టాడు.

ఆమె పని తీరు ఆయనకు వింతగా ఉండేది. పన్ను కంటే ముందు ఇగురు చూసేది. రంగు చూసేది. మన ఇగుర్లలో ఉండే నలుపు పుట్టుకతో వచ్చినది, అది రోగం కాదని చెప్పింది. అంచు పదునుగా ఉందా, వాచి గుండ్రమయిందా చూసేది. నారింజ తొక్క మీద ఉన్నట్టు సన్న చుక్కలుంటే బాగున్నట్టు, నున్నగా మెరిస్తే వాపు ఉన్నట్టు. తరువాత గీతలున్న సన్నని కడ్డీ ఒకటి తీసి, ఇగురుకూ పన్నుకూ మధ్యన ఈక పెట్టినంత మెల్లగా దించి, ఎన్ని గీతలు మునిగాయో చూసేది. రెండు, మూడు గీతలయితే మామూలే. అంతకు మించి దిగితే లోపల సందు పడ్డట్టు. కడ్డీ తీశాక రక్తం వచ్చిందా లేదా కాసేపు ఆగి చూసేది. ఆ తరువాత పన్నుకో అంకె పలుకుతూ తానే రాసుకునేది. "సున్నా, సున్నా, ఒకటి, రెండు, రెండు, ఆరు..."

నాలుగో రోజు బాలనర్సయ్య ఆగలేకపోయాడు.

"డాక్టరమ్మా, ఒక మాట. సున్నా అంటరు, ఒకటి అంటరు, రెండు అంటరు. ఆడికెళ్లి ఆరుకు దుంకుతరు, ఆడికెళ్లి ఎనిమిది. మూడు ఏడ పాయె, నాలుగు ఏడ పాయె? తాళం తప్పుతున్నది."

ఆమె నవ్వి కలం కింద పెట్టింది. "తప్పలేదండీ, కావాలనే అలా పెట్టారు. ఒకటంటే ఇగురు అక్కడక్కడ ఎర్రబడి వాచింది. రెండంటే ఆ వాపు పన్ను చుట్టూ తిరిగింది. రక్తం వస్తుంది, కానీ రోగం ఇంకా ఇగురులోనే ఉంది. గార తీసి శుభ్రంగా ఉంచితే మళ్లీ సున్నా అవుతుంది. ఆరంటే ఇగురు పన్నును వదిలేసింది, లోపల ఎముక కరిగింది. పోయిన ఎముక రాదు. వెనక్కి రాగలిగినదానికీ రాలేనిదానికీ మధ్య ఆ మాత్రం దూరం ఉండొద్దా?"

"మరి నాలుగు?"

"నాలుగు ఉందండీ. కానీ కంటికి కనబడదు. ఎక్స్‌రే తీస్తే ఎముక అంచు కరగడం అప్పుడే మొదలయిందని తెలుస్తుంది. ఇక్కడ ఆ మిషన్ లేదు కదా, అందుకని నేను పలకను."

"ఎనిమిది?"

"పన్ను కదిలిపోయి నమలడానికి పనికిరాదు." ఆమె బెంచీ మీది ముసలాయన దవడపన్నును అద్దం పిడితో తట్టింది. బొద్దుమంది.

"పోయింది" అన్నాడు బాలనర్సయ్య, ఆమె నోరు తెరవకముందే.

ఆమె తిరిగి చూసింది. "మీకెలా తెలుసు?"

"చప్పుడు."

"మా పుస్తకంలో ఈ మాటే ఉందండీ! ఇనుప పిడితో తడితే మొద్దు చప్పుడు వస్తుందని. నేను ఆరు నెలలు నేర్చుకున్నాను."

ఆ రోజు బాలనర్సయ్య ఇంటికి ఛాతీ విరుచుకుని పోయాడు. పుస్తకంలో ఉన్నదట తన విద్య! సీతాబాయికి మూడుసార్లు చెప్పాడు. మరునాడు పోచయ్యను రెక్క పట్టి లాక్కొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"జూడుండ్రి డాక్టరమ్మా, ఇగురంటే గిది. ఇరవై ఏండ్ల సంది సుక్క రక్తం ఎరుగడు. సున్నా ఏసుకోండ్రి, టైం ఎందుకు ఖరాబు."

ఆమె కడ్డీ దించింది. దిగింది. ఇంకా దిగింది. ఆరో గీత మునిగింది. బయటికి తీస్తే కడ్డీ పొడిగా ఉంది, రక్తం లేదు.

"ఆరు" అంది. పక్క పన్ను. "ఆరు." ఆ పక్కది. "ఆరు. చుట్ట తాగుతారాండీ?"

"తాగుతనమ్మా. బువ్వ లేకుంటె ఉంట గని..."

"చుట్ట తాగేవాళ్లలో ఇది తరచుగా చూస్తున్నాను. పైకి గట్టిగా, పాలిపోయి, రక్తం లేకుండా ఉంటుంది. లోపల ఖాళీ అయిపోతుంది. రక్తం రావడమంటే ఇగురు మొర పెట్టుకుంటున్నట్టండీ. వీళ్ల ఇగురు మొర కూడా పెట్టుకోదు."

పోచయ్య లేచి నిలబడి బావమరిది వరస సరసమంతా తీర్చుకున్నాడు. "ఏం బావా, షాబాదు బండంటివి? నలుగురి ముంగట కూసోబెట్టి ఆర్లు ఏయించినవు! నీ ఇగురు సూపెట్టరాదు జర? టార్చి ఎనక దాక్కున్నవు!"

అందరూ నవ్వారు. బాలనర్సయ్య నవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే నీలమ్మ వచ్చింది. కొండాపూర్ కోడలు, ఇరవై ఏండ్ల పిల్ల, ఆరో నెల. ఇగుర్లు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. ముందరి రెండు పండ్ల మధ్య చిన్న రేగుపండంత కండ పెరిగింది. కడ్డీ తగిలీ తగలకముందే రక్తం. పిల్ల బెదిరిపోయి బాలనర్సయ్య వైపు చూసింది. "బాలయ్య పెదనాయినా, పీకుతవా?"

డాక్టరమ్మ ఆమె గడ్డం పట్టుకుంది. "పీకడమెందుకమ్మా? నిండు మనిషికి ఇగుర్లు ఇలా పొంగుతాయి. నీది ఒకటి, రెండు. ఎముక బాగానే ఉంది. ఉప్పునీళ్లు పుక్కిలించు, మెత్తగా తోముకో. కాన్పయ్యాక ఈ కండ దానంతటదే తగ్గిపోతుంది."

టార్చి వెలుగు కదిలి గోడ మీద పడింది.

"బాలనర్సయ్యగారూ, లైటు."

ఆయన మళ్లీ పట్టాడు.

ఇంటికి వచ్చి చాలాసేపు వాకిట్లో కూర్చున్నాడు. సీతాబాయి జొన్నరొట్టె తెచ్చి ముందు పెడితే ఆమె నోటి వైపు చూశాడు. పైన ఎడమపక్క రెండు పండ్ల ఖాళీ. పెద్దబిడ్డ కడుపులో ఉన్నప్పుడు అక్కడే ఇలాంటి కండే పెరిగింది. చెడ్డ రక్తమని ముల్లుతో పొడిచాడు. తగ్గకపోతే పండ్లు చెడ్డాయని రెండూ పీకేశాడు. పద్దెనిమిదేండ్ల కిందట. ఆమె అప్పుడు అరవలేదు కూడా, మొగుని చెయ్యి కదా అని.

జరిగిందంతా చెప్పాడు. ఆమె రొట్టె తుంచుతూ విన్నది.

"అయితే నా రెండు పండ్లు ఒకటో నంబరా రెండో నంబరా అడుగు ఆ డాక్టరమ్మను."

"అడిగిన. ఖాళీ జాగల నంబరు ఎయ్యరంట."

"మంచిదాయె. నీ పేరు మీద రాసుకుంటె సరి." ఆమె నవ్వింది, ఆ సందులోంచే. "పద్దెనిమిదేండ్ల సంది ఈ సందులకెళ్లే నీళ్లు పుక్కిలించి ఉమ్ముతున్న, కోడి మీద ఏస్తె కోడి మీదనే పడ్తది. నువ్వు పరేషాన్ గాకు. గని పొద్దుగాల లేసి పండ్లు తట్టుకునుడేందో అది చెప్పు. ఇయ్యాల చెప్పకుంటె రేపు నేనే టార్చి పడ్త."

అప్పుడు చెప్పాడు. కింది నాలుగూ కదులుతున్నాయని, తండ్రి సంగతి, పటకారు అడుక్కు తోసిన సంగతి. ఇన్నాళ్లూ తాను పాటించిన నియమం ప్రకారమయితే పీకెయ్యాలి. పీకేస్తే సన్నాయి లేదు. సన్నాయి లేకపోతే ఆయనకు గడ్డాలు మిగులుతాయి, అంతే.

సీతాబాయి చేతిలోని రొట్టె ముక్క కింద పెట్టింది. తరువాత, "ఊరందరికి నోరు తెరవమన్నవు. నువ్వు తెరువనీకి సిగ్గా?" అంది.

మరునాడు అందరూ వెళ్లాక బాలనర్సయ్య బెంచీ మీద కూర్చున్నాడు. టార్చి సీతాబాయి పట్టింది.

ఇగురు వాచి ఉంది. పండ్ల వెనక గార పసుపచ్చగా గోడ కట్టినట్టు ఉంది. కడ్డీ పెడితే రక్తం. ఇటుకపొడీ బొగ్గూ కలిపి ఇరవై ఏండ్లు గట్టిగా రుద్దినందుకు ఇగురు కొంచెం కిందికి జారింది కూడా. డాక్టరమ్మ రెండు పనిముట్ల పిడుల మధ్య ఒక్కొక్క పన్నునూ పట్టి కదిపి చూసింది. తరువాత తట్టింది.

"మీరు చెప్పండి" అంది సీతాబాయితో. "ఎలా ఉంది చప్పుడు?"

"మోగుతున్నదమ్మా. గిన్నె తీర్గ."

"నాకూ అలాగే వినబడింది. కదలిక ఉంది గానీ వెంట్రుకవాసి. ఎనిమిది కాదు. రెండు అనాలి. కానీ కడ్డీ కొంచెం అనుమానంగా దిగింది. రెండో, నాలుగో, ఆరో ఇక్కడ కూర్చుని చెప్పలేను. దవాఖానకు రండి, ఎక్స్‌రే తీయిస్తాను."

సోమవారం హఫీజ్‌పేట స్టేషన్లో ప్యాసింజరు ఎక్కారు ఇద్దరూ. బండిలో బాలనర్సయ్య వేళ్ల మీద అంకెలే లెక్కపెట్టుకున్నాడు. రెండయితే బతికాడు, ఆరయితే తండ్రి దారే. దవాఖానలో అట్టముక్కంత మందాన ఉన్న చిన్న ఫిల్మును నాలుక కింద పెట్టుకోమన్నారు. తీశాక గంటసేపు కూర్చోబెట్టారు. డాక్టరమ్మ తడి ఆరని ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టింది. తమలపాకు మీద సున్నపు బొట్టంత జాగాలో నాలుగు పండ్లు, వేర్లతో సహా.

"ఇదిగో ఎముక. పండ్ల మధ్య ఈ అంచు పదునుగా ఉండాలి. ఇక్కడ గిన్నెలా కొంచెం గుంట పడింది చూశారా? నాలుగండీ. మూడు పండ్లకు నాలుగు. ఈ చివరిదానికి ఆరు."

"అంటె?"

"అంటే ఇప్పుడే మొదలయింది. పోయిన కాస్త రాదు. ఉన్నది ఆపొచ్చు. గార తీసేస్తాను, మీరు నేను చెప్పినట్టు తోముకోవాలి. ఇటుకపొడి ముట్టకూడదు. నెల రోజులు సన్నాయి ఊదకూడదు."

రెండు విడతలుగా గార తీసింది. రెండోసారి తీశాక బాలనర్సయ్య నాలుకతో తడుముకుని అదిరిపోయాడు. పండ్ల మధ్య సందులు! గాలి పీలిస్తే చల్లగా లోపలికి పోతోంది. పండ్లు మునుపటికంటే ఎక్కువ కదిలినట్టుంది. ఇంటికి రాగానే మాట తప్పి సన్నాయి ఎత్తాడు. తుస్సుమంది. సీతాబాయి మీద కేకలేశాడు, పోచయ్య మీద కేకలేశాడు. "గార కాదు, గోడకు ఆసరా తీసేసింది. నేను పీకినవే నయం, ఒక్కతీరుగ పోతయి!" అన్నాడు. పోచయ్య నింపాదిగా చుట్ట వెలిగించుకుని, "ఆర్లున్నోన్ని నేనే ఊకున్న, నాలుగులున్నోనివి నీకేం లొల్లి బావా" అన్నాడు.

మదీనాగూడ దాకా నడిచి పోయి డాక్టరమ్మతో కూడా అన్నాడు, కాకపోతే కేకలు లేకుండా. ఆమె కోప్పడలేదు. "వాపు తగ్గింది, అందుకే సందు కనబడుతోంది. ఆ సందు ముందు నుంచీ ఉంది, గార నింపింది. మీరు నమ్మింది దాన్నండీ, పన్నును కాదు. నెల ఆగండి. ఇగురు బిగుస్తుంది."

ఆగాడు. ఆ నెలంతా కార్తీకం పెండ్లిళ్లకు పరాయి ఊరి మేళం వచ్చింది. బాలనర్సయ్య మాత్రం తండ్రిలా ఇంట్లోకి పోలేదు. వాకిట్లోనే కూర్చుని విన్నాడు, పండ్లు తోముకునే బ్రష్షు చేతిలో పట్టుకుని. సీతాబాయి రోజూ పొద్దున చెంచా పిడితో నాలుగు పండ్లూ తట్టి, "మోగుతున్నయి" అని చెప్పి పొయ్యి దగ్గరకు పోయేది.

మాఘంలో హఫీజ్‌పేటలో పెండ్లి. అప్పగింతలప్పుడు అందరూ ఆయన వైపే చూశారు. సన్నాయి ఎత్తాడు. పీకను పెదవి మీద రోజూ పెట్టే చోట కాక కొద్దిగా కుడిపక్కకు పెట్టుకున్నాడు, ఆరు పడ్డ పన్ను మీద బరువు పడకుండా. అది ఎవరూ నేర్పింది కాదు. మొదటి స్వరం కొంచెం గాలిగా వచ్చింది. పోచయ్య తలెత్తాడు. రెండోది నిలబడింది. ఆ తరువాత ఆయన దాన్ని సాగదీసి, దించి, మళ్లీ ఎత్తి, పిల్ల ఎడ్లబండి ఎక్కేదాకా వదల్లేదు. కింది పండ్లు నాలుగూ కదల్లేదు. ఆడవాళ్లలో నిలబడ్డ సీతాబాయి పక్కావిడతో, "నాలుగే నంబర్లు, గని జూడు" అంది. పక్కావిడకు ఏమీ అర్థం కాలేదు.

పటకారు ఆ తరువాత కూడా పొదిలో ఉండేది. ఎనిమిదయితేనే బయటికి వచ్చేది. తక్కినవాళ్లకు హఫీజ్‌పేట స్టేషను దారి చూపించేవాడు. "రక్తం వస్తున్నదా? మంచిదే. ఇంక టైమున్నది. జల్ది పో." నమ్మనివాళ్లకు పొదిలోంచి, డాక్టరమ్మ ఇచ్చిన ఆ చిన్న ఫిల్ము తీసి ఎండకు ఎదురుగా పట్టేవాడు. వేలితో ఎముక అంచు చూపించి, "ఈడిదాంక వచ్చింది. ఈడ ఆగింది" అనేవాడు. గడ్డానికి నురుగు రాసుకుని కూర్చున్నవాడు కత్తి కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు. బాలనర్సయ్యకు తొందరుండేది కాదు. ఫిల్మును ఇంకాస్త పైకెత్తి తాను కూడా ఇంకోసారి చూసుకుని, అప్పుడు పొదిలో పెట్టేవాడు.